మగ్గాల వీధిలో కళ్ళద్దాలు: ఒక చర్చి ప్రాజెక్టు డైరీ

జనవరి చివరి వారం

ఈసారి సువార్త కూటాల లెక్కలు రాసింది నేనే. పగలు ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను కాబట్టి యూత్ కమిటీ సెక్రటరీ పనితో పాటు ఈ పుస్తకం కూడా నా మెడకే తగిలించారు. సౌండు, టెంటు, స్టేజీ లైట్లు, బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడి కారు, మూడో రోజు ప్రేమ విందు. ఖర్చులో సింహభాగం సౌండుకూ టెంటుకే పోయింది. వచ్చిన జనం మా సంఘం వాళ్ళు, చుట్టుపక్కల సంఘాల వాళ్ళు. కుర్చీలు వేసేదీ తీసేదీ మేమే, ఎవరు ఏ వరసలో కూర్చున్నారో కూడా చెప్పగలం. కొత్త ముఖం వెతికినా కనపడలేదు.

మాది చీరాలకూ వేటపాలేనికీ మధ్య ఊరు. చర్చి వెనక వీధి దాటితే మగ్గాల వీధులు మొదలవుతాయి. పద్మశాలీలు, దేవాంగులు, కుప్పడం చీరలు నేసేవాళ్ళు. మా మైకు మూడు రాత్రులూ వినేది వాళ్ళే. కూటానికి రానిదీ వాళ్ళే.

పెద్దల మీటింగ్‌లో లెక్కలు చదివాక ఈ మాటే అడిగాను. "విత్తడం మన పని, మొలిపించడం దేవుడి పని" అన్నారు ఒక పెద్దాయన. కాదనలేం. అయితే దారి పక్కన పడి పక్షుల పాలైన విత్తనాల సంగతి కూడా బైబిల్లోనే ఉంది. పాస్టర్ అయ్యగారు మాత్రం ఒక్క మాటతో తేల్చేశారు: "ఇక్కడ కూర్చుని ఊహించుకోవడం ఎందుకు? వెళ్ళి అడగండి. చేతిలో కరపత్రం లేకుండా వెళ్ళండి."

ఫిబ్రవరి

సాయంత్రాలు మగ్గాల వీధుల్లో తిరుగుతున్నాం. నేను, మా డీటీపీ తమ్ముడు, స్త్రీల కూడిక నడిపే పిన్ని. పిన్ని లేకపోతే ఇళ్ళల్లోకి వెళ్ళే వీలే ఉండేది కాదు. ఆవిడ చీరలు కొనేది అక్కడే, అప్పులు పెట్టేదీ అక్కడే.

"మా చర్చి వల్ల మీకేమైనా ఇబ్బంది ఉందా? మా చేతనైన పని ఏదైనా ఉందా?" అడిగింది ఈ రెండే. మొదటిదానికి జవాబు వెంటనే వచ్చేసింది. మైకు. ఒకాయన కూటాల తేదీలతో సహా చెప్పాడు, కూతురికి ఇంటర్ ప్రాక్టికల్స్ అప్పుడే పడ్డాయట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. తమ్ముడు కూటాల మూడో రాత్రి సరదాకి ఫోన్లో యాప్ పెట్టి ఈ వీధిలోనే కొలిచాడు. ఆ అంకె ఇక్కడ రాయను, పెద్దలకు చూపించాను.

రెండో ప్రశ్నకు చాలామంది మొహమాటంగా నవ్వి ఊరుకున్నారు. రోడ్లు, కాలవలు, నూలు ధర, షావుకారు ఇచ్చే కూలి. ఇవి మా చేతిలో లేవు. ఒక ఇంట్లో మాత్రం మాట వేరే దారి పట్టింది. గుంట మగ్గం మీద కూర్చున్నాయనకు యాభై దాటి ఉంటాయి. పడుగులో ఒక పోగు తెగింది. ఆయన ముందుకు వంగాడు, వెనక్కి జరిగాడు, బల్బు కిందికి లాగాడు, చివరికి భార్యను పిలిచాడు. ఆమె కండెలు చుట్టడం ఆపి వచ్చి రెండు వేళ్ళతో తడిమి పోగు పట్టుకుంది. చూసి కాదు, తడిమే.

"చత్వారం" అన్నాడాయన, మేం అడక్కుండానే. "సన్న నేత మానేసి ముతకది పట్టుకున్నా. కూలి తగ్గింది, ఏం చేస్తాం."

కళ్ళజోడు ఎందుకు పెట్టుకోలేదంటే పక్కింటాయన నవ్వాడు. "కొన్నాడయ్యా, సంతలో. పేపరు చదవటానికి బాగుంటది, మగ్గం మీద కూర్చుంటే అంతా పొగే."

ఆ ఒక్క ముక్క దగ్గర నాకు పని కనపడింది.

ఫిబ్రవరి చివర

మా సంఘంలో ఒకమ్మాయి ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే చదువు, చదివి ఒంగోలులో ఒక కంటి ఆస్పత్రిలో చేస్తోంది. ఆదివారం ఆరాధన అయ్యాక పట్టుకుని ఈ పొగ సంగతి చెప్పాను. వెంటనే విషయం విప్పేసింది.

"పుస్తకం మనం నలభై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం అన్నా. సంతలో అద్దాలన్నీ ఆ దూరానికే. మగ్గం మీద కంటికీ పేకకూ మధ్య ఎంత ఉందో కొలిచావా?"

మర్నాడు టైలర్ టేపు పట్టుకుని వెళ్ళాం. మనిషిని బట్టి, మగ్గాన్ని బట్టి మారినా ఇంచుమించు అరవై సెంటీమీటర్లు వచ్చింది. దూరం పెరిగితే పవర్ తగ్గాలి. చదవటానికి రెండు పవర్ కావాల్సిన మనిషికి మగ్గం మీద ఒకటింబావో ఒకటిన్నరో సరిపోతుంది. రెండు పెట్టుకుంటే మసకే. సంతలో బండివాడు పేపరు చూపించి అమ్ముతాడు, మగ్గం ఎక్కడ చూపిస్తాడు?

దీనికి ఖర్చు కూటాల్లో ఒక రాత్రి సౌండు ఖర్చు పాటి కూడా కాదు. ఆ లెక్క రెండుసార్లు వేసి మరీ మీటింగ్‌కు పట్టుకెళ్ళాను.

అక్కడ సంగతి వేరు. అద్దాలివ్వడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు, "సువార్త ఎక్కడ?" అన్నదే ప్రశ్న. ఒకన్న అద్దాల కవరు మీద వాక్యం అంటిద్దామన్నాడు. అన్నాడని కాదు, అప్పటికే స్టిక్కర్లు వేయించుకుని వచ్చాడు. ఇంకొకరు క్యాంపు ముందు ఒక అరగంట ప్రసంగం పెడదాం, ఎవరినీ బలవంతం చేయం, కూర్చున్నవాళ్ళు వింటారు అన్నారు. టోకెన్ తీసుకుని కూర్చున్నవాడు లేచి ఎక్కడికి పోతాడు? బలవంతం అంటే చెయ్యి పట్టుకుని లాగడమే కానక్కర్లేదు.

అప్పుడు మాట్లాడింది మా సంఘంలో అందరికన్నా పెద్దవయసు తాతయ్య, రిటైర్డ్ హెడ్మాస్టరు. "పాలపిండి కోసం మతంలో కలిశారు అని నన్ను బళ్ళో వెక్కిరించేవాళ్ళురా. ఆ మాట అరవై ఏళ్ళుగా మోస్తున్నా. మళ్ళీ అద్దాల కోసం కలిశారు అనిపించుకుందామా?"

తర్వాత ఆయన ఒంగోలు క్లౌ దొర కథ చెప్పారు. మా బాప్టిస్టు సంఘాల్లో ఇది అందరూ విన్న కథే, అయినా ఆ రోజు వేరేగా వినిపించింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చారు. 1876-78 మధ్య పెద్ద కరువు పడింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తనే తీసుకుని ఆకలితో వచ్చిన వేలమందికి పని చూపించారు. మా పెదగంజాం నుంచి మద్రాసు వైపు పోయే కాలువే అది. అయితే కరువు సాగినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వకుండా ఆపేశారు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు పనులు ముగిశాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన పుస్తకాల్లో అందరం ఆ అంకెనే చెప్పుకుంటాం. ఆపిన నెలల గురించి ఎవరూ పాట కట్టలేదు.

అన్నం పెట్టినందుకే తర్వాత వచ్చారనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందులో కొంత నిజం ఉండకపోదు, ఆకలి మర్చిపోయే సంగతి కాదు. కానీ పెట్టే చేతిలో ఉన్నవాడు తన వైపు నుంచి ఆ ముడి విప్పడానికి చూశాడా లేదా అన్నది నాకు ముఖ్యం.

తీర్మానం: స్టిక్కర్లు వద్దు, ప్రసంగం వద్దు, ఎవరైనా అడిగితే మనం ఎవరమో దాచకుండా చెప్పాలి. స్టిక్కర్ల కట్ట బీరువాలో ఉంది. అన్న రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు.

మార్చి మొదట్లో

సొసైటీ సెక్రటరీని కలిశాం. చేనేత సహకార సొసైటీ ఆఫీసులోనే క్యాంపు పెడితే బాగుంటుందని మా ఆలోచన. ఆయన టీ తెప్పించి, మొత్తం విని, "ఊరికే ఇస్తారా?" అన్నాడు.

"ఊరికేనండీ."

"అయితే ఎవరూ రారు. వచ్చినా ఇంటికెళ్ళి ఎందుకిచ్చారా అని ఆలోచిస్తారు. రేపు మీ పండక్కి పిలిస్తే రాకపోతే బాగోదేమో అనుకుంటారు. యాభై రూపాయలు తీసుకోండి. లెక్క అక్కడికక్కడ చెల్లిపోయిద్ది."

నెల రోజులుగా మా మీటింగుల్లో నలిగిన విషయాన్ని ఆయన ఒక టీ గ్లాసు అయ్యేలోపల తేల్చేశాడు. బయటివాళ్ళకు పనికొచ్చే పరిచర్య అంటూ మేం ఏదేదో మాట్లాడుకున్నాం గానీ, మొహమాటం లేకుండా వద్దనే వీలు వాళ్ళకు ఉండాలన్న ముక్క మా నోట రాలేదు. యాభై రూపాయలు ఖాయం. జోడు మాకు పడేది అంతకన్నా కొంచెం ఎక్కువ, తేడా సంఘం భరిస్తుంది.

ప్రభుత్వం కంటివెలుగు పేరుతో ఉచిత కంటి పరీక్షలు చేసింది కదా అని కూడా అడిగాను. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైంది, మన దగ్గర 2019 అక్టోబరులో. ఇక్కడ బడిపిల్లలతో మొదలుపెట్టి, తర్వాత అరవై దాటిన అవ్వాతాతలకు చేశారు. మధ్యలో నలభై నుంచి అరవై దాకా ఉన్నవాళ్ళు, అంటే మగ్గం మీద ఉన్నవాళ్ళే, మిగిలిపోయారు. మా పనికి సరిగ్గా ఆ ఖాళీ దొరికింది.

ఆఫీసు చిన్నది, నూలు బేళ్ళతో నిండి ఉంది. "మార్కండేయస్వామి గుడి మండపం ఉంది, కమిటీతో నేను మాట్లాడతా" అన్నాడు. నేను తల ఊపాను గానీ గుండెలో రాయి పడింది. ఇది మావాళ్ళకు ఎలా చెప్పాలి?

మార్చి మధ్యలో

చెప్పాను. అనుకున్న గొడవ వేరు, వచ్చిన గొడవ వేరు. గుడి కాబట్టి వద్దంటారనుకున్నాను. అది ఒకరిద్దరే అన్నారు. అయ్యగారు, "మనం చేసేది మండపంలో, గర్భగుడిలో కాదు. వాళ్ళు పిలిచిన చోటికి పోకుండా మన చోటికి వాళ్ళు రావాలనడం ఏం మర్యాద?" అనేసరికి ఊరుకున్నారు.

అసలు మాట తాతయ్య నుంచి వచ్చింది. "మా నాయన్ని ఆ అరుగు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నేను చిన్నప్పుడు కింద నిలబడే చీర అందుకున్నా." అంతే అన్నారు. ఇందాకటి దాకా మేం వాళ్ళకు ఏదో ఇవ్వడానికి వెళ్తున్నాం అనుకుంటున్నాం. ఎవరు ఎవరిని లోపలికి రానిస్తున్నారన్నది అక్కడ తలకిందులైంది. దాని మీద ఓటింగ్ పెట్టలేదు, ఆయన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. "మీరు వెళ్ళండి" అన్నారు ఆయనే, చివర్లో.

మార్చి, మూడో వారం: అట్ట తయారీ

దగ్గరి చూపు పరీక్షకు అక్షరాల చార్టు ఉంటుంది. చదువు రానివాళ్ళకు బొమ్మల చార్టు. మగ్గం మనిషికి రెండూ నప్పవు, ఆయన చూడాల్సింది పోగు. అందుకని మేమే ఒకటి చేశాం. సొసైటీ నుంచి నలభై, ఎనభై, వంద నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం), కాస్త జరీ తెచ్చాం. నల్ల అట్ట మీద నల్ల నూలు, తెల్ల అట్ట మీద తెల్ల నూలు, ముదురు మెరూన్ మీద మెరూన్ పోగులు వరసగా లాగి అంటించాం. ప్రతి వరసలో ఎక్కడో ఒకచోట ఒక పోగు తెంపి ఉంటుంది. అట్టను అరవై సెంటీమీటర్ల దూరంలో స్టాండుకు కట్టి, తెగిన చోటు ఎక్కడుందో వేలు చూపించమంటాం.

ఫెవికాల్ ఎక్కువైతే మెరిసి పోగు తెలిసిపోతోంది. గంజితో అంటిస్తే సరిపోయింది. ఆ సలహా పిన్నిది.

ఆప్టోమెట్రీ అమ్మాయి దీన్ని చూసి, "ఇది అసలు చార్టుకు బదులు కాదు, దాని తర్వాత" అని గట్టిగా చెప్పింది. ముందు దూరం చూపు, తర్వాత కన్ను లోపల టార్చితో చూడటం, తర్వాత మామూలు దగ్గరి చార్టు, చివర్లో మన అట్ట. శుక్లం ఉన్నవాళ్ళకు, నీటికాసుల (గ్లాకోమా) అనుమానం ఉన్నవాళ్ళకు, షుగర్ ఉండి చూపు మారుతున్నవాళ్ళకు అద్దం ఇచ్చి పంపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. అద్దంతో ఇప్పటికి పని నడుస్తుంది, లోపల జబ్బు ముదురుతుంది. వాళ్ళకు చీటీ రాసి చీరాల ఏరియా ఆస్పత్రికి పంపాలి, వెళ్ళారో లేదో కనుక్కోవాలి. ఈ కనుక్కునే పని పిన్ని తీసుకుంది.

మార్చి ఆఖరు: స్టాకు

రెడీమేడ్ జోళ్ళు హోల్‌సేల్‌లో తెప్పించాం. అట్టపెట్టె విప్పుతుంటే అమ్మాయి ఒక జోడు తీసి గోడకు ఎదురుగా పట్టుకుని ముఖం చిట్లించింది. "అన్నా, స్కేలు తే."

ఇది మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. గదికి ఒక పక్క వెలుతురున్న కిటికీ, ఎదురుగా తెల్ల గోడ. అద్దాన్ని గోడ దగ్గర పట్టుకుని మెల్లగా వెనక్కి జరుపుతూ పోతే ఒక దూరంలో కిటికీ బొమ్మ గోడ మీద తలకిందులుగా స్పష్టంగా పడుతుంది. కిటికీ అవతల దూరంగా ఉన్న చెట్టో మేడో స్పష్టంగా పడేలా సరిచేసుకుంటేనే లెక్క సరిగ్గా వస్తుంది. ఆ దూరం సెంటీమీటర్లలో కొలిచి వందను దానితో భాగిస్తే పవర్. యాభై దగ్గర పడితే రెండు, నలభై దగ్గర పడితే రెండున్నర, మీటరు దగ్గర పడితే ఒకటి.

ఒకటిన్నర అని స్టిక్కరున్న జోళ్ళలో కొన్నిటి బొమ్మ యాభై దగ్గరే పడింది. అంటే అవి రెండు. కొన్నిటిలో కుడి ఎడమలకే పొంతన లేదు. సప్లయర్‌కు ఫోన్ చేస్తే "ఆ రేటుకు అలాగే ఉంటాయి సార్" అన్నాడు. పేరు రాయను గానీ మళ్ళీ అక్కడ కొనం. సండే స్కూల్ పదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నమంతా చర్చి వరండాలో కూర్చుని ప్రతి జోడూ కొలిచారు. భౌతికశాస్త్రంలో నాభ్యంతరం పాఠం వాళ్ళకు ఇక మరుపు రాదు. తేడా ఉన్నవి వెనక్కి పంపి, వేరే చోట ఒకటింబావు, ఒకటిన్నర ఎక్కువగా తెప్పించాం. ఒకటింబావు అడిగితే వాళ్ళే ఆశ్చర్యపోయారు, ఎవరూ అడగరట.

ఏప్రిల్: మండపం

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాలని సొసైటీ వాళ్ళ మాట. పది దాటితే ఎండ. మేం బయల్దేరే ముందు చర్చిలో ప్రార్థన చేసుకుని వెళ్ళాం, అక్కడ చేయలేదు. మండపంలో మాకన్నా ముందే గుడి పూజారిగారు బల్లలు వేయించి ఉన్నారు. బ్యానర్ లేదు. బోర్డు మీద సుద్దముక్కతో "కంటి పరీక్ష, అద్దాలు రూ.50" అని రాసి, కింద సొసైటీ పేరు, చర్చి పేరు పక్కపక్కన రాశాడు సెక్రటరీ.

వరసలో రెండో మనిషే అందరి ముందూ అడిగేశాడు. "అబ్బాయ్, మీ కూటాల పోస్టర్ల మీద గుడ్డివాళ్ళకు చూపొచ్చిద్దని వేస్తారు గదా. మరి ఈ అద్దాలెందుకు?"

మండపమంతా నవ్వు. నాకు నోట మాట లేదు. అయ్యగారు తన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను రోజూ ప్రార్థన చేస్తానండీ. ఇది లేకపోతే బైబిల్ కనపడదు. రెండూ దేవుడిచ్చినవే అనుకుంటా" అన్నారు. మళ్ళీ నవ్వారు, ఈసారి వేరే రకం నవ్వు. నన్నడిగితే ఆ పోస్టర్ల మీద ఆ మాటలు తీసేయాల్సిన టైం వచ్చింది. స్వస్థత మీద నా విశ్వాసం నాకుంది. దాన్ని ఫ్లెక్సీ మీద ఆఫర్‌లా వేయడం వేరు.

అట్ట బాగా పనిచేసింది. అక్షరాల చార్టు ముందు బిగుసుకుపోయినవాళ్ళు పోగుల అట్ట ముందు నిపుణులైపోయారు. "ఇది ఎనభై కాదు, వంద" అని మా లేబుల్ సరిచేసినవాళ్ళున్నారు. ఒకావిడ తెగిన పోగు చూపించడమే కాక, "ఇట్టా అతికిస్తారా ఎవరైనా" అని మా గంజి పనితనాన్ని కడిగేసింది. ముదురు మెరూన్ వరస దగ్గర మాత్రం అద్దం పెట్టినా చాలామంది తడబడ్డారు. అమ్మాయి మొబైల్ లైటు పక్క నుంచి వేసింది, కనపడింది. సగం సమస్య కంటిది కాదు, వెలుతురుది. మగ్గం మీద బల్బు నెత్తి వెనక ఉంటే పేక మీద తన నీడే పడుతుంది. దీన్ని నోట్ చేసుకున్నా.

నలభై, నలభై ఐదు ఏళ్ళ మగవాళ్ళు అందరికన్నా కష్టం. పరీక్షకు రారు, వస్తే అన్నీ కనపడుతున్నాయంటారు. "ఇప్పటి నుంచే పెట్టుకుంటే అలవాటై కళ్ళు ఇంకా పోతాయి" అన్న మాట ఎంతమంది అన్నారో. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా వయసుతో పవర్ పెరుగుతుందని అమ్మాయి ఓపిగ్గా చెప్తూనే ఉంది.

తాతయ్య ఎనిమిదింటికి వచ్చారు. అరుగు మెట్ల దగ్గర ఒక నిమిషం ఆగి, ఎక్కి, టోకెన్ల బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాయడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. ఆ వీధిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు సగం మంది ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. "మాస్టారూ నా పేరు గుర్తుందా" అని వరస అక్కడే ఆగిపోతోంది.

మే

ఎండలు మండిపోతున్నాయి. మగ్గాలు పొద్దున, సాయంత్రం మాత్రమే. మేం తిరిగేది కూడా అప్పుడే. అద్దాలు ఇవ్వడంతో పని అయిపోదని అమ్మాయి ముందే చెప్పింది, నిజమే. కొంతమంది గూట్లో పెట్టేశారు. ఒకాయన చెమటకు జారి నాడె (పేక పోగు అటూ ఇటూ లాగే సాధనం) మీద పడుతోందన్నాడు. పిన్ని వెనక నల్ల తాడు కట్టించింది, పురికొస లాంటిది, మెడలో వేలాడుతుంది. ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు. లైటు సంగతి తమ్ముడు చూశాడు, బల్బు హోల్డరు వెనక నుంచి తీసి ఎడమ పక్కకు మార్చడం, అంతే. వైరు, క్లిప్పు ఖర్చు ఎవరిది వారే పెట్టుకున్నారు.

అస్సాం టీ తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూసిన పరిశోధన ఒకటి 2018లో అచ్చయింది. అద్దాలు ఇవ్వనివాళ్ళతో పోలిస్తే ఇచ్చినవాళ్ళ ఆకు కోత సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. మా దగ్గర అంత కొలిచే సాధనం లేదు. మొదట పోగు తడిమి పట్టుకున్నావిడ భర్త మళ్ళీ సన్న నేత పట్టాడు, షావుకారు ఒక చీర ఇచ్చి చూశాడు. నాకు తెలిసిన లెక్క అది.

ఆయన ఇంట్లోనే ఒక సాయంత్రం మాట మతం మీదికి వెళ్ళింది. మేం తేలేదు. "ఎందుకు చేస్తున్నారు ఇదంతా, నిజం చెప్పు" అన్నాడు. చెప్పాను, నాకు తెలిసినట్టు, దాచకుండా. యేసు గురించే చెప్పాను. విని, "సరే, మాది కూడా విను" అని మార్కండేయుడు యముడి పాశం తప్పించుకున్న కథ, ఆయన కొడుకు భావనారుషి దేవతలకు బట్ట నేసిన కథ చెప్పాడు. గంట పట్టింది. ఆ వీధి పక్కనే ముప్పై ఏళ్ళుగా ఉంటున్నా, పద్మశాలీలు తమ పుట్టుక గురించి ఏం చెప్పుకుంటారో నేనెప్పుడూ వినలేదు.

లేచేటప్పుడు ఇంకో మాట అన్నాడు. వాళ్ళ భజన బృందంలో హార్మోనియం ఆయనదే. "మీ పాత పాటలు బాగుంటయ్యి. మీ నాయనల కాలంలో పాడేవాళ్ళు, చక్కగా రాగం తాళం. ఇప్పుడు ఆ బాక్సుల్లో డబ్బా మోతే గానీ పాటేడ వినపడిద్ది?" మా పాత కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. మా యూత్‌లో వాటి వంక చూసేవాడు ఒక్కడూ లేడు, నాతో సహా.

జూన్

అమెరికాలో ఉన్న మా ఊరివాళ్ళు కొందరు ఏటా కూటాలకు డబ్బు పంపుతారు. ఈ పని గురించి విని సంతోషించి, ఒక ఫారం పంపారు. బ్యానర్‌తో ఫోటోలు, అద్దాలు అందుకుంటున్న ఫోటోలు, "ఎంతమంది ప్రభువును అంగీకరించారు" అని ఒక గడి. మంచివాళ్ళే, వాళ్ళ సంఘంలో లెక్క చెప్పుకోవాలి కదా. ఆ గడి ఖాళీగా వదిలి పంపాను. ఫోటోల బదులు పోగుల అట్ట ఫోటో, అద్దాల బిల్లు, ఆస్పత్రికి పంపినవాళ్ళలో శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళ సంఖ్య పంపాను. యాభై రూపాయలు పెట్టి కొనుక్కున్న మనిషిని బీదవాడిగా నిలబెట్టి ఫోటో తీస్తే సెక్రటరీ చెప్పిన లెక్క మళ్ళీ చెడుతుంది.

ఒకాయన ఫోన్ చేసి కాస్త కోప్పడ్డారు. ఇంకొకాయన, "మా అమ్మ జీడిపప్పు పొట్టు తీసేది, ఆమెకు ఈ అద్దాలుంటే బాగుండేది" అని డబ్బు పంపారు, ఫారం లేకుండా.

సంఘంలో కూడా అందరూ తృప్తిగా ఉన్నారని చెప్పను. ఈ పని వల్ల ఆదివారం కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు లేరు. "మరి దీన్ని పరిచర్య అని ఎట్లా అంటాం?" అని స్టిక్కర్ల అన్న సూటిగా అడిగాడు. గుంటూరులో అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో దిగి, 1898లో ఆస్పత్రి తెరిచారు. అక్కడ కాన్పు అయి, తన దేవుడికే దండం పెట్టుకుని ఇంటికెళ్ళిన ఆడవాళ్ళందరినీ పరిచర్య లెక్కలోంచి తీసేస్తామా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కానీ బల్బు క్లిప్పులు కొనడానికి చీరాల వెళ్ళింది ఆయనే.

జులై

రెండు మార్పులు. ఒకటి, అద్దాల పెట్టె ఇప్పుడు సొసైటీ ఆఫీసులోనే ఉంది. అట్ట, టేపు, స్కేలు కూడా. సొసైటీ గుమాస్తాకు అమ్మాయి పరీక్ష నేర్పింది. అనుమానం ఉన్నవాళ్ళను ఎప్పుడు పంపాలో గోడ మీద రాసి పెట్టింది, నెలకోసారి వచ్చి చూస్తుంది. డబ్బు వాళ్ళే వసూలు చేసి స్టాకు వాళ్ళే తెప్పించుకుంటారు. బోర్డు మీద చర్చి పేరు ఉంచాలా తీసేయాలా అని సెక్రటరీ అడిగాడు. మీ ఇష్టం అన్నాం. ఉంచాడు.

రెండోది, వచ్చే జనవరి కూటాలు. టెంటు, బాక్సులు రద్దు. చర్చి లోపలే, రాత్రి తొమ్మిదికల్లా ముగింపు, మూడు రాత్రుల్లో ఒకటి పూర్తిగా పాత కీర్తనలకు. హార్మోనియం వాయించమని మగ్గాల వీధి ఆయన్ను అడగాలా వద్దా అన్నది ఇంకా నడుస్తోంది. నాకైతే అడగాలనే ఉంది. వాయించినందుకు డబ్బు ఇవ్వాలి, ఇంకెవరికైనా ఇచ్చినట్టే. ముందు మావాళ్ళకు రాగాలు రావాలి, ఒక సంగీతం మేష్టారి కోసం చూస్తున్నాం.

ఇక వేటపాలెం జీడిపప్పు బట్టీల ఆడవాళ్ళు. అక్కడ దూరం వేరు. పొట్టు తీసేటప్పుడు, గుండు పప్పు, బద్ద పప్పు వేరుగా ఏరేటప్పుడు పప్పు కంటికి ముప్పై ఐదు, నలభై సెంటీమీటర్లలోనే ఉంటుంది. పోగుల అట్ట పనికిరాదు. పొట్టు ముక్క అంటిన పప్పు, అంటని పప్పు కలిపి పళ్ళెంలో పోసి ఏరమనాలి అంటోంది పిన్ని. అక్కడ చేతులకు జీడి రసం అంటుకుని ఉంటుంది, అద్దం ముట్టుకుంటే మరకలు పడతాయి, తాడు ఇక్కడికన్నా అక్కడే ఎక్కువ అవసరం. బట్టీ యజమానులతో మాట్లాడటానికి శనివారం వెళ్తున్నాం. ఆర్డరులో ఈసారి రెండు, రెండున్నర ఎక్కువ పెట్టాలి, నల్ల తాళ్ళు విడిగా. కిటికీ పరీక్షకు పదో తరగతి పిల్లలు మారిపోయారు, కొత్త బ్యాచ్‌కు నేర్పాలి.